షీట్ మాస్క్ ఎలా వాడాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడలో చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. ఒకప్పుడు నా దగ్గరకు వచ్చేవాళ్లు ఫ్రూట్ ఫేషియల్ మంచిదా, గోల్డ్ ఫేషియల్ మంచిదా అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లల దగ్గర్నుంచి రిటైరైన టీచర్ల దాకా బ్యాగులోంచి ఒక ప్యాకెట్ తీసి, "ఇది ఎలా పెట్టుకోవాలో కాస్త చెప్పండి" అంటున్నారు. త్రెడింగ్ చేస్తూ చేస్తూ చెప్పిన జవాబులే ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను డాక్టర్ని కాదు. చర్మ డాక్టర్‌కి చూపించాల్సిన విషయం వచ్చినచోట ఆ మాట సూటిగా చెప్పాను. దయచేసి దాన్ని దాటేయకండి.

షీట్ మాస్క్ అసలు ఏం చేస్తుంది?

రైతు బజారులో కొత్తిమీర కట్టల మీద తడి గోనెపట్టా కప్పి ఉంచుతారు, చూసే ఉంటారు. అలా కప్పితే మధ్యాహ్నం దాకా ఆకు వాడదు. షీట్ మాస్క్ చేసే పని కూడా అదే.

ప్యాకెట్‌లో ఒక పల్చటి గుడ్డ, దాన్ని నానబెట్టిన 20 నుంచి 30 మి.లీ. ద్రవం ఉంటాయి. ఆ ద్రవాన్ని ఎసెన్స్ అంటారు. అందులో ఎక్కువ భాగం నీళ్లే. తేమను పట్టి ఉంచడానికి గ్లిజరిన్, బ్యూటిలీన్ గ్లైకాల్, హైఅల్యురోనిక్ యాసిడ్ లాంటివి కలుపుతారు. అదే ద్రవాన్ని ఉత్త చేత్తో రాసుకుంటే నిమిషాల్లో గాలికి ఆరిపోతుంది. పైన గుడ్డ ఉంటే అంత తొందరగా ఆరదు. ఈలోగా చర్మం పైపొర తడిని పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది. పొడిబారడం వల్ల కళ్ల కింద, నోటి పక్కన పడిన సన్నటి గీతలు సర్దుకుంటాయి. ముఖం నునుపుగా కనిపిస్తుంది, వెలుతురు పడితే మెరుస్తుంది. మనం గ్లో అనేది దీన్నే.

ఈ గ్లో ఆ పూటకు ఉంటుంది, బాగా పెట్టుకుంటే మర్నాటి దాకా ఉంటుంది. అంతకంటే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని ముందే చెబుతాను.

పెట్టుకుంటే తెల్లబడతామా?

తెల్లబడరు. నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే, అందరికీ నేను చెప్పే జవాబూ ఇదే. మన రంగు చర్మంలో తయారయ్యే మెలనిన్ వల్ల వస్తుంది. 20 నిమిషాల తడి గుడ్డ దాన్ని మార్చదు. ప్యాకెట్ మీద 'బ్రైటెనింగ్' అని ఉంటే, తేమ వల్ల ముఖం కాస్త కాంతిగా కనిపిస్తుంది అని అర్థం చేసుకోండి, చాలు.

మొటిమలు తగ్గాక మిగిలే నల్ల మచ్చలు మాత్రం వేరే సంగతి. నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం) ఉన్న సీరం, అంటే చుక్కలుగా రాసుకునే పల్చటి ద్రవం, రోజూ రాస్తూ, పగలు సన్‌స్క్రీన్ మానకుండా ఉంటే కొన్ని వారాల్లో, నెలల్లో మెల్లగా పలచబడతాయి. వారానికోసారి పెట్టే మాస్క్‌తో ఆ పని కాదు. బుగ్గల మీద, ముక్కు మీద గోధుమరంగులో పరుచుకునే మంగు మచ్చలకైతే డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే.

పెళ్లిచూపులు పెట్టుకున్నాం, రంగు తేలాలి అంటూ కూతుర్ని తీసుకొచ్చే తల్లులు ఉంటారు. ఆ పిల్ల తలవంచుకుని కూర్చుంటుంది. ఆమె రంగులో ఏ లోపమూ లేదండీ. చర్మం ఆరోగ్యంగా ఉందా లేదా అన్నదే నేను చూసేది, తల్లులకు చెప్పేది కూడా.

సరిగ్గా ఎలా పెట్టుకోవాలి?

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ముఖం మామూలు ఫేస్‌వాష్‌తో కడుక్కోండి. మేకప్, సన్‌స్క్రీన్ ఉంటే అవి పూర్తిగా పోవాలి. మురికి మీద గుడ్డ కప్పితే మురికినే లోపల మూసిపెట్టినట్టు. మెత్తటి తువ్వాలుతో అద్దుకోండి, రుద్దొద్దు. చర్మం కాస్త తడిగా ఉండగానే మాస్క్ వేయడం మంచిది. టోనర్ వాడే అలవాటుంటే అది ఈ దశలో. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయండి.

ప్యాకెట్‌ను చింపే ముందు రెండు చేతుల మధ్య పెట్టి మెల్లగా నొక్కండి. ఎసెన్స్ అంతా అడుగుకు చేరి ఉంటుంది, ఇలా చేస్తే గుడ్డంతా తడుస్తుంది. గుడ్డ మడతలు చాలా పల్చగా, జారుతూ ఉంటాయి. గోళ్లతో లాగితే కంటి దగ్గర చిరుగుతుంది. వేలి కొసలతో నిదానంగా విప్పండి. కొన్నిటికి ఒకవైపు గట్టి ప్లాస్టిక్ పొరో, వలలాంటి గుడ్డో అంటుకుని ఉంటుంది. అది మాస్క్ కాదు, మాస్క్ మడతపడకుండా పెట్టిన ఆసరా. మెత్తటి వైపు ముఖానికి ఆనించి, పైన ఉన్న ఆ పొరను ఒలిచేయాలి. ఇది తెలియక ఆ పొరనే ముఖానికి వేసుకుని, "నాకేం పనిచేయలేదు" అన్న ఆవిడ నాకు తెలుసు.

ముందు కళ్ల రంధ్రాలు సరిచూసుకుని ముక్కు దూలం మీద ఆనించండి. అక్కణ్ణుంచి నుదురు, తర్వాత బుగ్గలు, చివరికి గడ్డం. ముక్కు పక్కన గుంటలో, పెదవి కింద గాలి బుడగలు నిలుస్తాయి. అక్కడ గుడ్డ ముఖానికి తగలదు కాబట్టి తడి కూడా అందదు. వేలితో మధ్య నుంచి అంచులకు నొక్కితే బుడగ పోతుంది. మాస్క్ పెద్దదైతే అంచులు మడవండి, చిన్నదైతే కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి సర్దండి. మన ముఖం కొలతలకు అన్నీ సరిపోవు, అందులో కంగారు పడాల్సింది లేదు. ప్యాకెట్‌లో మిగిలింది మెడకు, చేతులకు రాసుకోండి. మెడను అందరూ మర్చిపోతారు.

తర్వాత పడుకుంటే మంచిది. నిలబడి వంట చేస్తూ ఉంటే గుడ్డ జారుతుంది. స్టవ్ వేడికి ముందే ఆరిపోతుంది కూడా.

ఎంతసేపు ఉంచాలి? బాగా ఆరిపోయే దాకా ఉంచితే అంతా ఇంకుతుంది కదా?

ఇంకదు. ఈ ఒక్క పొరపాటు మానుకున్నా సగం సమస్య తీరినట్టే. మామూలు గుడ్డ మాస్క్ అయితే 15 నుంచి 20 నిమిషాలు. ప్యాకెట్ మీద వేరే సమయం రాసి ఉంటే అదే పాటించండి. గుడ్డ ఇంకా తడిగా ఉండగానే తీసేయాలి. ఆరేదాకా ఉంచితే ముఖం మీది తడి కూడా దానితోపాటే ఆరిపోయి, చర్మం పట్టేసినట్టు బిగుసుకుంటుంది. ముఖం కడుక్కుని ఏమీ రాసుకోకుండా బయటికి వెళ్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

మన ఇళ్లలో ఇంకో సంగతి, ఫ్యాన్. నడినెత్తిన ఫ్యాన్ 5లో తిరుగుతుంటే 10 నిమిషాలకే చెంపల దగ్గర అంచులు లేచిపోతాయి. ఏసీ గాలి ముఖానికి ఎదురుగా తగిలినా అంతే. ఫ్యాన్ తగ్గించుకోండి, లేదా గాలి కాళ్లవైపు తగిలేలా పడుకోండి. అంచులు ఆరుతున్నాయనిపిస్తే టైమ్ కాకపోయినా తీసేయండి. ఫోన్‌లో అలారం పెట్టుకోమని అందరికీ చెబుతాను, ఎందుకంటే ఆ చల్లదనానికి నిద్ర పట్టేస్తుంది.

రాత్రంతా ఉంచుకునే, జెల్లీలాంటి హైడ్రోజెల్ మాస్కులు కొత్తగా వస్తున్నాయి. వాటిని అందుకోసమే తయారుచేస్తారు. గుడ్డ మాస్క్‌ను మాత్రం అలా ఉంచకూడదు.

తీశాక ముఖం కడుక్కోవాలా?

అక్కర్లేదు. మిగిలిన ఎసెన్స్‌ను అరచేతులతో మెల్లగా అద్దుకోండి, రెండు మూడు నిమిషాలు ఆగి మాయిశ్చరైజర్ రాయండి. ఈ క్రీమ్ మానకండి. గోనెపట్టా తీసేసిన కొత్తిమీరను ఎండలో పెడితే ఏమవుతుంది? క్రీమ్ ఆ పట్టా బదులు నిలిచే కప్పు. జిడ్డు చర్మం వాళ్లు పల్చటి జెల్ క్రీమ్ రాసుకోవచ్చు.

పగలు పెట్టుకుంటే పైన సన్‌స్క్రీన్ కూడా ఉండాలి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవు.

ముఖం జిగటగా ఉండి చిరాకు పుడితే కడుక్కోండి, అందులో తప్పేం లేదు. కానీ ప్రతిసారీ అంత జిగట మిగులుతుంటే ఆ మాస్క్ మీకు నప్పలేదని అర్థం.

సీరం ముందా, మాస్క్ ముందా?

మాస్క్ ముందు. ఎసెన్స్ కూడా సీరం లాంటిదే కాబట్టి ఆ రోజుకు సీరం లేకపోయినా ఫర్వాలేదు. కావాలంటే మాస్క్ తీశాక సీరం, ఆ పైన క్రీమ్.

వారానికి ఎన్నిసార్లు?

ఒకటి, రెండు. ఏసీ గదిలో పొద్దస్తమానం కూర్చునే పొడి చర్మం వాళ్లకు రెండు, జిడ్డు చర్మం వాళ్లకు ఒకటి చాలు. కొరియాలో 'రోజుకో మాస్క్' అన్న పద్ధతి బాగా నడిచింది, అది చూసి ఇక్కడి పిల్లలూ మొదలుపెట్టారు. రోజూ చర్మాన్ని నానబెడితే దాని రక్షణ పొర బలహీనపడుతుంది. దాదాపు ప్రతి ఎసెన్స్‌లోనూ పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్, చాలావాటిలో సువాసన ఉంటాయి. అవి రోజూ 20 నిమిషాలు ముఖానికి అదిమి ఉంటే ఎర్రబడటం, సన్న పొక్కులు మొదలవ్వొచ్చు. బాగుంది కదా అని పెంచుకుంటూ పోయి, చివరికి మామూలు క్రీమ్ రాసినా మంట పుట్టే స్థితికి వచ్చినవాళ్లను చూశాను.

కాటన్, హైడ్రోజెల్, బయోసెల్యులోజ్. ఏది తీసుకోవాలి?

మొదటిసారైతే మామూలు కాటన్ లేదా టెన్సెల్ తీసుకోండి. టెన్సెల్ అంటే చెట్ల గుజ్జు నుంచి తీసిన నార. పల్చగా ఉండి ముఖానికి బాగా అతుక్కుంటుంది. హైడ్రోజెల్ జెల్లీలా చల్లగా, సాధారణంగా రెండు ముక్కలుగా వస్తుంది. నిదానంగా ఆరుతుంది కాబట్టి పొడి చర్మానికి హాయి.

బయోసెల్యులోజ్ ఎలా తయారవుతుందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. దాన్ని నేయరు, బాక్టీరియా అల్లుతుంది. పులియబెట్టిన కొబ్బరినీళ్లలాంటి తీపి ద్రవంలో ఆ సూక్ష్మజీవులు సెల్యులోజ్ పోగులు విడుస్తూ పోతే, పైన మీగడలా ఒక పొర కడుతుంది. నాటా డి కోకో అని తినే జెల్లీ కూడా ఇలా తయారయ్యేదే. ఆ పొర చర్మం గీతల్లోకి కూడా సర్దుకుని కూర్చుంటుంది. ధర ఎక్కువ. పెళ్లికో, ఫంక్షన్‌కో అయితే సరే, వారం వారం అవసరం లేదని నా అభిప్రాయం.

ప్యాకెట్ వెనక ఏం చదవాలి?

పదార్థాల పట్టికలో ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తారు. ముందు వైపు పెద్ద అక్షరాలతో పండో పువ్వో వేసి, వెనక పట్టికలో దాని పేరు అట్టడుగున ఉంటే, అది పేరుకే ఉందని తెలుసుకోండి.

పొడి చర్మానికి గ్లిజరిన్, హైఅల్యురోనిక్ యాసిడ్, పాంథెనాల్ మంచివి. ఎర్రబడే, త్వరగా చిరాకుపడే చర్మానికి అల్లంటోయిన్, సెంటెల్లా ఏషియాటికా. ఈ సెంటెల్లా పేరు చూసి ఏదో కొరియా మొక్క అనుకుంటారు. మన సరస్వతి ఆకే అది. చెరువు గట్ల మీద, తడి నేలల్లో పాకుతూ పెరుగుతుంది. జిడ్డు చర్మానికి నియాసినమైడ్, గ్రీన్ టీ.

విటమిన్ సి నీళ్లలో త్వరగా పాడవుతుంది. అందుకే మాస్కుల్లో ఎక్కువగా దాని రూపాంతరాలు వాడతారు, అవి కాస్త నెమ్మదిగా పనిచేస్తాయి. నత్త జిగురుతో చేసినవీ ఉన్నాయి. తేమ బాగానే ఇస్తాయి. శాకాహారులు మాత్రం పట్టికలో స్నెయిల్ అన్న మాట ఉందేమో చూసుకోండి.

చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే ప్రొటీన్ కొల్లాజెన్ గురించి ఒక్క మాట. చర్మంలో కొల్లాజెన్ తగ్గితే ముడతలు వస్తాయన్నది నిజం. మాస్క్‌లో కొల్లాజెన్ పెడితే అది లోపలికి వెళ్లి చేరుతుందన్నది నిజం కాదు. 500 డాల్టన్ల (డాల్టన్ అంటే అణువు బరువు కొలత) కంటే పెద్ద అణువులు చర్మాన్ని దాటి లోపలికి పోవడం కష్టమని 2000లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనా వ్యాసం చెప్పింది. కొల్లాజెన్ అణువు సుమారు 3 లక్షల డాల్టన్లు! అది పైనే ఉండి తేమను పట్టి ఉంచుతుంది, అంతే. ఆ పనికి గ్లిజరిన్ చవక.

కొత్త బ్రాండ్ ఏదైనా సరే, ఒక చుక్క ఎసెన్స్ మోచేతి మడతలోనో చెవి వెనకో రాసి ఒక రోజు చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి.

మొటిమలున్నవాళ్లు పెట్టుకోవచ్చా?

అక్కడక్కడా ఒకటి రెండుంటే పెట్టుకోవచ్చు, నూనెలు లేని పల్చటి ఎసెన్స్ చూసుకుని. చీముతో, నొప్పితో ఉన్న మొటిమలుంటే వద్దు. తడిగా, వెచ్చగా మూసి ఉంచితే అవి ఇంకా రేగుతాయి. నుదుటి మీద ఒకే సైజులో దురదపెట్టే చిన్న చిన్న పొక్కులుంటే అవి మొటిమలే కాకపోవచ్చు, ఈస్ట్ అనే ఫంగస్ వల్ల కూడా అలా వస్తాయి. చర్మ డాక్టర్‌కి చూపించండి.

మాస్క్ పెట్టగానే ముఖం భగ్గుమంటోంది. ఎందుకు?

చురుక్కుమని ఒక నిమిషంలో తగ్గిపోతే కంగారు పడకండి. మంట పెరుగుతుంటే 'ఓర్చుకుంటే పనిచేస్తుందేమో' అనుకోకుండా వెంటనే తీసేసి చల్లటి మంచినీళ్లతో కడగండి. వాపు వచ్చినా, కళ్లు ఉబ్బినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకు.

ఏ మాస్క్ పెట్టినా, చివరికి నీళ్లు తగిలినా మంటే అంటారు కొందరు. వాళ్లను నేను అడిగే మొదటి మాట: "మెడికల్ షాపులో ఏ క్రీమ్ కొంటున్నారు?" ట్యూబ్ తెచ్చి చూపిస్తే చాలాసార్లు అందులో స్టెరాయిడ్ ఉంటుంది. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసోల్ లాంటి పేర్లు. మొదటి వారం ముఖం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. పక్కింటావిడ అడిగితే ఆమెకూ అదే చెబుతారు. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడి ఎర్రటి నరాలు కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట, అందుకని మళ్లీ రాస్తారు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ చర్మానికి రాసే స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా 'ఫెయిర్‌నెస్ క్రీమ్' అని అడిగి తెచ్చుకుంటున్నవాళ్లు నా దగ్గరకు ఇంకా వస్తూనే ఉన్నారు. అలాంటి ముఖానికి నేను మాస్క్ వేయను, ఫేషియల్ చేయను. ఆ క్రీమ్‌ను కూడా సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. ట్యూబ్ తీసుకుని చర్మ డాక్టర్ దగ్గరకు వెళ్లండి, ఎలా తగ్గించాలో వాళ్లే చెబుతారు.

త్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్ చేయించుకున్న రోజు పెట్టుకోవచ్చా?

వద్దు. కనీసం ఒక రోజు ఆగండి, బ్లీచ్ అయితే రెండు రోజులు. దారం లాగిన చోట కంటికి కనపడని గాట్లుంటాయి, ఎసెన్స్ తగిలితే చుర్రుమంటుంది. గడ్డం గీసుకున్న మగవాళ్లకూ ఇదే మాట.

రెటినాల్ వాడుతున్నాను. మాస్క్ కలిపి వాడొచ్చా?

రెటినాల్ అంటే విటమిన్ ఎ రకం. దాన్నీ మాస్క్‌నూ వేర్వేరు రాత్రుల్లో వాడండి. రెటినాల్ గానీ గ్లైకాలిక్, సాలిసిలిక్ లాంటి యాసిడ్లు గానీ రాసిన రాత్రి, దానిమీద గుడ్డ కప్పితే వాటి ఘాటు పెరిగి చర్మం పొట్టు లేవచ్చు. మర్నాడు ఉత్త తేమనిచ్చే మాస్క్ పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది. గర్భిణులు రెటినాల్ ఉన్న మాస్కులు వాడకూడదు. మిగతావి కూడా డాక్టర్‌ని అడిగే వాడండి.

పెళ్లికి ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

కనీసం నెల ముందు. ఒకే రకం మాస్క్ ఎంచుకుని వారానికోసారి పెట్టుకోండి. పడిందని తేలాక, ఆఖరిది పెళ్లికి ముందురోజు రాత్రి. కొత్త ప్యాకెట్ ఏదీ ఆ వారంలో ముట్టుకోవద్దు.

ఒకసారి ఏమైందంటే, నిశ్చితార్థం రేపనగా రాత్రి తొమ్మిదిన్నరకు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. స్నేహితురాలు ఇచ్చిన మాస్క్ తొలిసారి పెట్టుకుందట. "అక్కా, ముఖమంతా ఎర్రగా అయిపోయింది, ఏం చేయను?" అని ఒకటే ఏడుపు. వీడియోలో చూస్తే సరిగ్గా గుడ్డ అచ్చు దిగినట్టు, కళ్ల చుట్టూ, నోటి చుట్టూ మామూలు రంగు, మిగతా అంతా కందిపోయి ఉంది. కడిగి చల్లటి తడి గుడ్డ వేయించి, సువాసన లేని క్రీమ్ రాయమన్నాను. రాత్రికి రాత్రే వాళ్ల నాన్న డాక్టర్ దగ్గరకు కూడా తీసుకెళ్లాడు. పొద్దున్నకు చాలావరకు తగ్గింది, మేకప్ తక్కువ వేశాం. ఆ పిల్ల పడ్డ టెన్షన్ ఇంకా నా కళ్లముందే ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకోటి. మన పెళ్లిళ్లలో పెళ్లికూతుర్ని చేసే రోజు నలుగు పెడతారు. సున్నిపిండి రుద్ది, మంగళస్నానం చేయించాక చర్మం అప్పటికే సున్నితంగా ఉంటుంది. ఆ పూట మాస్క్ జోలికి పోకుండా క్రీమ్ రాసి వదిలేయండి. మేకప్‌కి ముందు మాస్క్ వేయాల్సి వస్తే కనీసం అరగంట ముందే తీసేయాలి. లేకపోతే తడి మీద ఫౌండేషన్ నిలవదు, ముత్తైదువలు అక్షింతలు వేసే వేళకే చారలు కడుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టి వాడొచ్చా?

పెట్టొచ్చు. మే నెలలో మన ఎండలకు అంతకంటే హాయి లేదు. చల్లదనానికి రక్తనాళాలు కుంచించుకుని పొద్దుటిపూట కళ్ల కింది ఉబ్బు కాస్త తగ్గుతుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. ఫ్రిజ్ లేకపోయినా ఎండ తగలని బీరువాలో ఉంచండి, స్కూటీ డిక్కీలో వదిలేయకండి.

మా ఊళ్లో ఎప్పుడూ ఉక్కపోతే. అయినా అవసరమా?

బందరు, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో గాలిలోనే తేమ ఎక్కువ. చెమట కారుతున్న ముఖానికి మాస్క్ అంత అవసరం లేదు. పదిహేను రోజులకోసారి, సరదాకి. అనంతపురం, కర్నూలు వైపు పొడి వేడికి, ఆదిలాబాద్ చలికి బాగా పనికొస్తుంది. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా (హార్డ్ వాటర్) ఉంటాయి. ఆ నీళ్లతో కడుక్కున్న ముఖం బిరుసెక్కుతుంది, దానిమీద రోజంతా ఆఫీసు ఏసీ. వాళ్లకు శుక్రవారం రాత్రి ఒక మాస్క్ బాగా ఉపయోగపడుతుంది. అమెరికాలో ఉన్న మా అక్క కూతురు చలికాలంలో హీటర్ గాలికి పెదవులు, బుగ్గలు పగులుతున్నాయని చెబితే వారానికి రెండు పెట్టుకోమన్నాను, పైన మందపాటి క్రీమ్‌తో.

ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. బిళ్లల్లా నొక్కిన కాటన్ మాస్కులు అమ్ముతారు, తడిలో వేస్తే విచ్చుకుంటాయి. సువాసన కలపని గులాబీ నీళ్లలోనో, కీరా దోసకాయ రసంలోనో నానబెట్టి 10 నిమిషాలు వేసుకోండి. కలబంద వాడేటట్టయితే మట్ట కోసి నిలువుగా పెట్టండి, పసుపుపచ్చటి పాలు కారిపోతాయి. దురద పెట్టేది అదే. తర్వాత కడిగి లోపలి జెల్ తీసుకోండి. చేసినది ఆ పూటకే, నిల్వ ఉంచొద్దు.

నిమ్మరసం మాత్రం ఎంతమంది చెప్పినా వద్దు. అది ఘాటైన పులుపు. పైగా నిమ్మజాతి రసం ఉన్న చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు, నల్ల మచ్చలు వచ్చే ప్రమాదం ఉంది.

వాడిన మాస్క్‌ను ఇంకోసారి వాడొచ్చా? మిగిలిన ఎసెన్స్ దాచుకోవచ్చా?

వాడిన మాస్క్ మళ్లీ వద్దు. చెల్లెలితో పంచుకోవడమూ వద్దు. మిగిలిన ఎసెన్స్ అప్పుడే మోచేతులకు, మోకాళ్లకు, మడమలకు రాసేయండి. చింపిన ప్యాకెట్‌లో చేతివేళ్ల క్రిములు చేరతాయి, వాటికి తడి, తిండి రెండూ అక్కడే దొరుకుతాయి.

అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

పూర్తిగా తెలియకపోవచ్చు, కానీ కొన్ని చూడొచ్చు. విదేశీ మాస్క్ అయితే ఇక్కడ దిగుమతి చేసుకున్న సంస్థ పేరు, చిరునామా, ఇంపోర్ట్ రిజిస్ట్రేషన్ నంబర్ ప్యాకెట్ మీద ఉండాలి. తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. కొరియా ప్యాకెట్ల మీద ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు వేస్తారు. కొన్నిటి మీద తయారీ తేదీ, గడువు తేదీ రెండూ పక్కపక్కనే ఉంటాయి, తిరగేసి చదువుకోవద్దు.

ఒక హోల్‌సేల్ షాపులో నేనే మోసపోయాను. 50 ప్యాకెట్లు చవగ్గా తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే తేదీ ఉన్నచోట తెల్ల స్టిక్కర్. గోరుతో గీకితే కింద గడువు దాటి ఏడాది. ఒకటి చింపి వాసన చూశాను, పుల్లటి వాసన. అన్నీ పారేశాను. అప్పట్నుంచి తేదీ మీద స్టిక్కరుంటే ముట్టుకోను.

నెలకు ఎంత ఖర్చవుతుంది? అంత అవసరమా?

మామూలు మాస్క్ 100 రూపాయల అటూ ఇటూ ఉంది. వారానికి రెండంటే నెలకు 800. ఆ డబ్బు మీ దగ్గర ఉండి, సన్‌స్క్రీన్ లేకపోతే ముందు సన్‌స్క్రీన్ కొనండి. తర్వాత మంచి మాయిశ్చరైజర్. ఆ తర్వాత చర్మానికి పడే ఫేస్‌వాష్. ఈ మూడూ ఉండి ఇంకా మిగిలితే అప్పుడు మాస్క్. హాస్టల్ పిల్లలకు ఇది మరీ మరీ చెబుతాను. స్నానం చేశాక తడి ముఖం మీదే క్రీమ్ రాసుకుంటే మాస్క్ చేసే పనిలో చాలా భాగం రోజూ జరుగుతుంది, పైసా ఎక్కువ ఖర్చు లేకుండా.

అయినా పిల్లల్ని పడుకోబెట్టి, వంటిల్లు సర్దుకుని, ఆ 20 నిమిషాలు ఎవరూ పిలవకుండా కళ్లు మూసుకుంటే వచ్చే హాయి కోసమే పెట్టుకుంటామనే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లను నేనెప్పుడూ వద్దనలేదు.

వాడేశాక ఎక్కడ వేయాలి?

టాయిలెట్‌లో వేసి నీళ్లు వదలొద్దు, పైపు మూసుకుపోతుంది. చాలా గుడ్డల్లో ప్లాస్టిక్ నార కలుస్తుంది కాబట్టి తడి చెత్తలో, కంపోస్ట్ కుండీలో వేయకండి. ప్యాకెట్ కూడా లోపల అల్యూమినియం పూతతో ఉంటుంది. గుడ్డను ఆరబెట్టి, ఖాళీ ప్యాకెట్‌లోనే దూర్చి, పొడి చెత్త బుట్టలో వేయండి.